కుక్కతో అడవికెళ్లి దారి తప్పితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లారకముందే కుక్కను కారు వెనక సీట్లో ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి వికారాబాద్ రోడ్డెక్కే జనంలో నేనూ ఒకణ్ణి. నా కుక్క పేరు బొగ్గు. మా గల్లీలో దొరికిన నాటుకుక్క, 19 కిలోలు, పేరుకు తగ్గ రంగు. ఒక అక్టోబర్ నెలలో వాడూ నేనూ మా బావమరిదీ కలిసి నాలుగు గంటలు దారి తప్పి తిరిగాం. అప్పట్నుంచి ఆఫీసులో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పశువుల డాక్టర్ దగ్గర వరుసలో కూర్చున్నప్పుడు అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. విడివిడిగా చెప్పలేక అన్నీ ఒకచోట రాస్తున్నా.

హైదరాబాద్ చుట్టుపక్కల కుక్కను తీసుకెళ్లగలిగే అడవి ఏది?

తీసుకెళ్లకూడనివి ముందు చెప్తాను. కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి. ఈ మూడూ జాతీయ పార్కులు, కుక్కతో వెళ్లే చోట్లు కావు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం, మెదక్ వైపున్న పోచారం అభయారణ్యం కూడా ఆ లెక్కలోవే. "మా వాడు ఎవర్నీ ఏమీ అనడు సార్" అని గేటు దగ్గర వాదించేవాళ్లను చూశాను. కరవడం ఒక్కటే కాదు సమస్య. కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అడవి జంతువులకూ అంటుకుంటుంది. 2018లో గిర్‌లో సింహాలు వరసగా చనిపోయినప్పుడు వాటిలో బయటపడింది ఆ వైరస్సే.

అనంతగిరి, నర్సాపూర్ రిజర్వ్ ఫారెస్టులు. అక్కడ దారి పక్కన బండి ఆపి పొదల్లోకి దూరిపోవడం కుదరదు. చెక్‌పోస్టులో అడగండి. వద్దంటే వెనక్కి రండి. మాలాంటివాళ్లకు మిగిలేవి ఊళ్ల చుట్టూ ఉండే గుట్టలు, చెరువు కట్టలు, పశువుల బాటలు. రాచకొండ వైపు గానీ, వికారాబాద్ వైపు గానీ వీటికి కొదవ లేదు. దారి తప్పడానికి అవి చాలు. నల్లమల దాకా పోనక్కర్లేదు.

దారి తప్పామని ఎప్పుడు ఒప్పుకోవాలి?

"ఇంకో పది నిమిషాలు చూద్దాం" అని రెండోసారి అనుకున్నప్పుడు.

మా సంగతి చెప్తా. ఆ రోజు మబ్బు. పన్నెండున్నరకు బొగ్గు ఒక కుందేలు వాసన పట్టి బాట దిగి లాగాడు, సరదాకి వాడి వెంట నడిచాం. తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు, మధ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు. అరగంట తర్వాత వెనక్కి తిరిగితే ఏ వైపు చూసినా అదే బొమ్మ. "బాట ఇటే" అన్నాను నేను. "అటు బావా" అన్నాడు వాడు. ఇద్దరం ధీమాగానే ఉన్నాం, చెరో దిక్కు చూపిస్తూ.

ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒక బండ దగ్గరికి వచ్చాం. పక్కన సున్నంతో గీసిన గీత ఉంది. బొగ్గు మామూలుగా కనబడిన ప్రతి రాయి దగ్గరా ఆగి కాలెత్తుతాడు. అక్కడ మాత్రం ముక్కు ఆనించి, ఒక్క క్షణం చూసి, ఏమీ చేయకుండా ముందుకు నడిచాడు. వంగి చూస్తే రాయి అడుగున ఎండిన మరక. వాడిదే. గంట క్రితం ఇక్కడే కాలెత్తాడు. గుండ్రంగా తిరిగి అక్కడికే వచ్చామని మా ఇద్దరికంటే ముందు వాడికి తెలిసింది.

మా ఒక్కరి పొరపాటే కాదు ఇది. 2009లో జర్మనీ పరిశోధకులు కొందరిని అడవిలో నేరుగా నడవమని వదిలారు. సూర్యుడు కనబడినవాళ్లు దాదాపు తిన్నగా పోయారు. మబ్బు కమ్మిన రోజు నడిచినవాళ్లు తమకు తెలియకుండానే చుట్టుతిరిగి తమ అడుగులనే దాటారు. కళ్లకు గంతలు కట్టిన కొందరైతే 20 మీటర్ల వెడల్పు వలయంలోనే తిరిగారు. "నాకు దిక్కులు బాగా తెలుసు" అనేవాళ్లు ఆ రోజు మబ్బు ఉందో లేదో చూసుకుని ఆ మాట అనాలి.

ఒప్పుకున్నాక మొదటి పని ఏంటి?

కూర్చోవడం. కుక్కను కూడా కూర్చోబెట్టడం. గొలుసు చేతికి చుట్టుకుని, చెట్టు నీడ చూసుకుని ఇద్దరూ నీళ్లు తాగండి. పదిహేను నిమిషాలు కదలొద్దు. కంగారు కాళ్లలో ఉంటుంది, కూర్చుంటేనే దిగుతుంది. మీరు గట్టిగా ఊపిరి తీస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే కుక్క కూడా గొలుసు గుంజుతూ, మూలుగుతూ మీ కంగారును రెట్టింపు చేస్తుంది.

ఆ పదిహేను నిమిషాల్లో రెండే ఆలోచించండి: చివరిసారి కచ్చితంగా ఎక్కడున్నానని తెలిసిన చోటు ఏది, పొద్దు గూకడానికి ఎంత టైముంది. మన దగ్గర డిసెంబర్ మొదట్లో ఐదూ నలభైకే సూర్యుడు దిగిపోతాడు. ఆ తర్వాత వెలుతురు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు మించి నిలవదు. చలికాలంలో మూడున్నర దాటితే కొత్త దారులు వెతకడం మానేసి, ఉన్నచోటే ఎట్లా ఉండాలో చూసుకోవడం నయం.

కుక్కకు దారి తెలుస్తుంది కదా, దాని వెంట పోతే సరిపోదా?

అందరూ అడిగేది ఇదే. ముక్కు ఉంది కాబట్టి అది మనల్ని ఇంటికి చేరుస్తుందని ఆశ.

కుక్కకు వెనక్కి వచ్చే తెలివి ఉన్నమాట నిజమే. 2020లో చెక్ దేశపు పరిశోధకులు వేటకుక్కల మెడకు జీపీఎస్ కట్టి అడవిలో వదిలారు. వాసన పట్టి దూరం పోయిన కుక్కల్లో కొన్ని తాము పోయిన దారినే వాసన చూస్తూ యజమాని దగ్గరికి వచ్చాయి. మరికొన్ని కొత్త అడ్డదారిన వచ్చాయి. అట్లా వచ్చిన వాటిలో చాలామటుకు ముందు ఓ 20 మీటర్లు ఉత్తర దక్షిణాల వెంట పరుగెత్తి, ఆ తర్వాతే అసలు దారి పట్టాయట. భూమి అయస్కాంత శక్తిని అవి పసిగడతాయని వాళ్ల అనుమానం.

గమనించాల్సిన విషయం ఒకటుంది. అవి యజమాని దగ్గరికి తిరిగొచ్చాయి. మీ కుక్కకు యజమాని ఇప్పటికే దొరికాడు, గొలుసు రెండో కొసన ఉన్నాడు. కారు ఎక్కడ పెట్టారో దానికి అక్కర్లేదు. "పద, ఇంటికి పోదాం" అంటే తోక ఊపి, ఈ పూట దానికి నచ్చిన వాసన వైపు లాగుతుంది. అది అడవిపంది వాసన కావచ్చు. ఇంకో కుక్క వాసన కావచ్చు. మా వాణ్ణి నమ్మి పావుగంట నడిస్తే ఎండిన ఆవు ఎముక దగ్గరికి తీసుకెళ్లి గర్వంగా నిలబడ్డాడు.

ముక్కు కంటే చెవులు పనికొస్తాయి. కుక్క ఒకే దిక్కుకు చెవులు నిక్కబెట్టి, తల కదపకుండా నిలబడితే అక్కడేదో చప్పుడు ఉన్నట్టే. మనకు వినబడనిది వాడికి వినబడుతుంది. మాకు చివరికి దారి దొరికింది అట్లానే, కింద చెప్తాను.

సిగ్నల్ లేదు. ఫోన్ ఇక పనికిరాదా?

పనికొస్తుంది. జీపీఎస్‌కు టవర్‌తో పనిలేదు, ఉపగ్రహాలు చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా మ్యాపులో మీరున్న చోటు చూపే నీలం చుక్క కనబడుతుంది. కాకపోతే మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఉండాలి, లేకపోతే ఆ చుక్క ఖాళీ బూడిదరంగు కాగితం మీద ఉంటుంది. మాది ఆ రోజు అదే పరిస్థితి. చార్జింగ్ 11 శాతం, నీలం చుక్క, చుట్టూ ఏమీ లేదు. అప్పట్నుంచి ఇంట్లో వైఫై ఉండగానే ఆ ప్రాంతం మొత్తం దింపుకుని బయలుదేరుతున్నా. బండి దిగిన చోట ఒక గుర్తు పెట్టుకోవడం మరవను.

సిగ్నల్ కోసం వెతికే ఫోన్ చార్జింగ్‌ను గటగటా తాగేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఎత్తైన బండ ఎక్కినప్పుడు మాత్రం ఆన్ చేసి చూడండి. ఒక్క గీత వచ్చినా మాట కలవకపోవచ్చు గానీ ఎస్సెమ్మెస్ పోతుంది.

ఎవరికి ఫోన్ చేయాలి? ఏం చెప్పాలి?

112. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా, ఆ చోట వేరే కంపెనీ టవర్ అందుతుంటే ఈ నంబరు కలిసే అవకాశం ఉంది. "అడవిలో ఉన్నాం, చుట్టూ చెట్లున్నాయి" అంటే వాళ్లేం చేస్తారు పాపం. మ్యాపులో నీలం చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే మీరున్న చోటు చెప్పే రెండు సంఖ్యలు వస్తాయి, అవి చదవండి. అనంతగిరి ప్రాంతంలోనైతే మొదటిది 17తో, రెండోది 77తో మొదలవుతుంది. వేరేగా ఉంటే తప్పు చదువుతున్నట్టు. బండి ఎక్కడ ఆపారు, దగ్గరి ఊరు ఏది, ఎంతమంది ఉన్నారు, ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్నవి చెప్పి, పక్కన కుక్క ఉందని కూడా చెప్పండి. వచ్చేవాళ్లు చీకట్లో టార్చ్‌లతో వస్తారు, మీ కుక్క వాళ్ల మీదికి దూకితే బాగుండదు.

ఫోన్ చేశాక ఆ చోటు వదలొద్దు. మీరిచ్చిన సంఖ్యల చోటికి వాళ్లొస్తే మీరు రెండు గుట్టల అవతల ఉండటం కంటే ఘోరం ఇంకోటి లేదు.

సూర్యుణ్ణి చూసి దిక్కు పట్టొచ్చా?

పొద్దున, సాయంత్రం పట్టొచ్చు. మిట్టమధ్యాహ్నం పొరపడతారు. చేతి గడియారం ముల్లుతో దక్షిణం కనుక్కునే చిట్కా చలిదేశాల వాళ్లది. హైదరాబాద్‌లో మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఆ చిట్కాను నమ్ముకుంటే తిరగబడి నడుస్తారు. చెట్టుకు నాచు ఏ వైపు పట్టిందో చూడమనే సలహా కూడా మన మోదుగ, టేకు అడవుల్లో పనికిరాదు. జూన్ దాకా అసలు నాచు ఎక్కడుంటుంది?

మరి ఏ వైపు నడవాలి?

వెలుతురు చాలా ఉండి, ఒంట్లో ఓపిక ఉంటేనే నడవాలి. తెలంగాణలో మనకున్న వరం చెరువు. ఇక్కడ వాన నీరు పారే ప్రతి చిన్న ఒర్రె చివరికి ఏదో ఒక కుంటలోకో చెరువులోకో పోతుంది. కాకతీయుల కాలం నుంచి అట్లా ఒకదాని కింద ఒకటి గొలుసుకట్టుగా తవ్వుకున్నారు. చెరువుంటే కట్ట ఉంటుంది, కట్ట మీద బాట ఉంటుంది, కట్ట కింద పొలాలు, పొలాల అవతల ఊరు. కాబట్టి ఒర్రె వెంట, దాని ఒడ్డున, పల్లానికి నడవడం మంచి ఆలోచన. ఒర్రె లోపల నడవొద్దు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ నీళ్లు ఉన్నట్టుండి వస్తాయి. అనంతగిరి లాంటి చోట పల్లం ఒక్కసారిగా లోయగా మారుతుంది, అక్కడ దిగడానికి తొందరపడొద్దు. (మూసీ పుట్టింది అనంతగిరిలోనే కాబట్టి నది వెంట నడిస్తే హైదరాబాద్ వస్తుంది కదా అన్నాడు మా బావమరిది. వస్తుంది. ఏ రోజుకి వస్తుందన్నదే ప్రశ్న.)

కరెంటు స్తంభాల వరస కనబడితే దాని వెంట పోవచ్చు, ఒక కొసన బోరో ట్రాన్స్‌ఫార్మరో ఉంటుంది. మోటారు చప్పుడు, ట్రాక్టరు చప్పుడు, గుడి మైకు, మసీదు అజాన్ వినబడిన దిక్కును వెంటనే నేల మీద కర్రతో గీసి పెట్టుకోండి. చప్పుడు ఆగిన ఐదు నిమిషాలకు ఏ దిక్కో మరిచిపోతాం.

మాకు నాలుగున్నరకు బొగ్గు చెవులు నిక్కబెట్టాడు. కాసేపటికి మాకూ వినబడింది, గంటల చప్పుడు. మేకలు ఇంటికి మళ్లే వేళ. కేక వేశాం. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన పొదల్లోంచి వచ్చాడు. మమ్మల్ని కాదు, ముందు కుక్కను చూశాడు. "కుక్కను గట్టిగ వట్టుకోండి సారూ, మేకలు బెదుర్తయ్" అన్నాడు. తర్వాత "గీడికెందుకొచ్చిండ్రు?" అని. దారి తప్పామని చెప్తే నవ్వలేదు, అది ఆయన మర్యాద. "గా కట్ట ఎక్కుండ్రి, ఎక్కితె ఊరే" అని కర్రతో చూపించాడు. కిలోమీటరు కూడా లేదు.

గొలుసు విప్పేస్తే కుక్కకు హాయిగా ఉంటుంది కదా?

ఉంటుంది. దారి తప్పినప్పుడు మాత్రం విప్పొద్దు. ఇప్పుడు మీకు ఒక సమస్య ఉంది, విప్పితే రెండు అవుతాయి. మామూలు రోజుల్లో కూడా, పిలిస్తే పదిసార్లలో పదిసార్లూ వచ్చే కుక్కకే ఆ స్వేచ్ఛ. అలవాటు చేయడానికి చుట్టూ కంచె ఉన్న చోటు చూసుకోండి. కొండాపూర్‌లో 2018లో జీహెచ్ఎంసీ తెరిచిన డాగ్ పార్కు లాంటిది. బటన్ నొక్కితే సాగే తాళ్లు గుట్టల మీద వద్దు, ప్రతి పొదకూ చుట్టుకుంటాయి. రెండు మీటర్ల మామూలు తాడు, మెడ పట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ మంచివి. బండ దింపేటప్పుడు వీపు మీది పట్టీ పట్టుకుని ఎత్తొచ్చు.

నేను బాగానే ఉన్నా, కుక్కే కనబడకుండా పోయింది. ఏం చేయాలి?

మొదట, వెంట పరుగెత్తొద్దు. మీరు పరుగెత్తితే బెదిరిన కుక్కకు తరుముతున్నట్టు ఉంటుంది. చివరిసారి చూసిన చోటే నిలబడి, రోజూ అన్నానికి పిలిచే గొంతుతో పిలవండి. తిట్టే గొంతు వద్దు. ఒక గంట అక్కడే ఉండండి. చాలా కుక్కలు తాము పోయిన దారినే వాసన పట్టుకుని వెనక్కి వస్తాయి. మీరు ఆలోపు వెతుక్కుంటూ పోతే వచ్చిన కుక్కకు ఖాళీ చోటు కనబడుతుంది. ఇద్దరుంటే ఒకరు కదలకుండా ఉండాల్సిందే.

రాకపోతే, వేసుకున్న చెమట చొక్కా విప్పి అక్కడ పెట్టండి. పక్కన గిన్నెలో నీళ్లు. తిండి పెడితే అడవిపందులు, కోతులు వస్తాయి. మళ్లీ పొద్దు గూకే ముందు, మర్నాడు తెల్లవారుజామున వచ్చి చూడండి. ఎండ, జనసంచారం తగ్గిన ఆ రెండు వేళల్లోనే భయపడిన కుక్క కదులుతుంది.

ఇక ఊళ్లో అడగడం. పోస్టర్ల కంటే ముందు మేకలు, గొర్లు కాసేవాళ్లను అడగండి. తర్వాత గీత కార్మికులను. పొద్దున, సాయంత్రం తాటిచెట్టెక్కే మనిషికి అక్కణ్ణుంచి కనబడేంత దూరం ఊళ్లో ఇంకెవరికీ కనబడదు. ఊరి కుక్కలు ఒక్కపెట్టున మొరిగే దిక్కును కూడా పట్టించుకోండి. పరాయి కుక్క తమ పొలిమేరలోకి వచ్చిందని అవి ఊరంతటికీ చాటింపు వేస్తాయి.

గొలుసుతో సహా పోయిన కుక్క అయితే దగ్గర పొదల్లో వెతకండి. గొలుసు కొమ్మకు చిక్కుకుని మీకు యాభై అడుగుల దూరంలో నోరెత్తకుండా కూర్చుని ఉండొచ్చు. అరవాలి కదా అంటారు. బెదిరిన కుక్క అరవదు.

మెడలో మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల ఉండాలి. మైక్రోచిప్ మంచిదే గానీ అది చదివే పరికరం ఊళ్లో ఎవరి దగ్గరుంటుంది? బ్లూటూత్ బిళ్లలు చుట్టుపక్కల ఫోన్లుంటేనే జాడ చెప్తాయి, అడవిలో మౌనం. సిమ్ ఉన్న జీపీఎస్ పట్టీలు టవర్ ఉన్నచోట పనిచేస్తాయి.

నీళ్లు ఎంత పట్టుకెళ్లాలి? ఎండదెబ్బను ఎట్లా గుర్తుపట్టాలి?

ఇంట్లో ఊరికే పడుకున్న కుక్కకే రోజుకు కిలోకు 50, 60 మిల్లీలీటర్లు కావాలి. 20 కిలోల కుక్కకు లీటరు పైమాటే. గుట్ట ఎక్కితే దానికి రెట్టింపు అనుకోండి. కుంటల్లో నిలిచిన నీళ్లు తాగనివ్వకండి, ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. దానికి టీకా ఉంది, వేయించండి.

మనలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఒగర్చడమే దాని చల్లదనం. అది చాలనప్పుడు ఎండదెబ్బ. చిగుళ్లు ఎర్రటి ఇటుక రంగుకు తిరుగుతాయి, చొంగ జిగురులా సాగుతుంది, నడక తూలుతుంది, వాంతి కావొచ్చు. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 105 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. అప్పుడు ఆసుపత్రికి పరుగు తర్వాత, చల్లబరచడం ముందు. నీడలో పడుకోబెట్టి పొట్ట, తొడల సందు, పాదాలు తడుపుతూ గాలి విసరండి. తడి గుడ్డ కప్పి వదిలేయొద్దు, కాసేపటికి అదే వేడి దుప్పటి అవుతుంది. తాగడానికి గొంతులో బలవంతంగా పోయొద్దు.

పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలను మార్చి నుంచి జూన్ దాకా అసలు తీసుకెళ్లొద్దు. వాటి ముక్కు కట్టడే ఒగర్పుకు అడ్డం. కచ్చితంగా చెప్తున్నా, ఇందులో బేరం లేదు.

బండ మీద అరచేతి వెనకభాగం ఆనించి ఏడు లెక్కపెట్టండి. మీరు తట్టుకోలేకపోతే వాడి పాదాలూ తట్టుకోలేవు.

పాము కరిస్తే?

కుక్కకు సాధారణంగా ముక్కు మీదో ముందు కాలి మీదో పడుతుంది కాటు, చూడ్డానికి ముందు దూర్చేవి అవే కదా. గబుక్కున వాపు వస్తే రక్తపింజర కావచ్చు. కట్లపాము కాటుకు వాపే ఉండకపోవచ్చు, కాళ్లు తేలిపోతాయి. గుడ్డతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయొద్దు. నడిపించకుండా ఎత్తుకుని పోవాలి. మనుషులకిచ్చే విషం విరుగుడు ఇంజెక్షనే కుక్కలకూ ఇస్తారు. దారిలోనే ఫోన్ చేసి, మందు ఉన్న పశువైద్యశాలకే నేరుగా వెళ్లండి. లేనిచోటికి పోయి అక్కణ్ణుంచి ఇంకోచోటికి పోయేలోపు పుణ్యకాలం గడిచిపోతుంది.

ఉచ్చులు, కరెంటు తీగల గురించి విన్నాం. నిజమా?

నిజమే. నాకు పాము కంటే ఎక్కువ భయం దీనిదే.

ఉచ్చు అంటే క్లచ్ వైరు లాంటి తీగతో వేసిన ముడి. కుందేలు కోసమో పంది కోసమో పొదల మధ్య సందులో పెడతారు. కుక్క మెడో కాలో పడితే లాగినకొద్దీ బిగుస్తుంది. కుక్కను తీగ కట్టిన మోడు వైపుకు జరపండి, బిగువు వదులుతుంది. నొప్పికి మిమ్మల్నే కరుస్తుంది కాబట్టి ముందు తల మీద చొక్కా కప్పండి, ఆ తర్వాత ముడి సడలించండి. చిన్న కటింగ్ ప్లేయర్ సంచిలో ఉంటే బరువేం కాదు.

కరెంటు తీగ వేరే సంగతి. మొక్కజొన్న, పల్లి చేలలో పందులు పడకుండా కొందరు చుట్టూ తీగ కట్టి రాత్రిపూట కరెంటు వదులుతారు. చట్టవిరుద్ధం, అయినా ఆగలేదు. మనుషులూ పోయారు. అందుకే చీకటి పడ్డాక చేను అడ్డంగా దాటొద్దు, దీపం కనబడుతున్నా సరే. బండ్ల బాట మీదే ఉండండి, బాట లేకపోతే తెల్లారేదాకా ఉన్నచోటే. ముందు నడుస్తున్న కుక్క ఉన్నట్టుండి కుప్పకూలి గిలగిలా కొట్టుకుంటే, ఎంత ప్రాణమైనా ముట్టుకోవద్దు. గొలుసు వదిలేయండి, అది ఇనుపదైతే మరీ ముఖ్యం. దూరం నుంచి కేకలు వేసి రైతును పిలవండి.

చిరుత వస్తే?

రావడం అరుదు. కానీ చిరుతకు కుక్క అంటే ఇష్టమైన ఆహారం, అది మరవొద్దు. ఊళ్లకు దగ్గరగా కూడా తిరుగుతుంది. 2020లో రాజేంద్రనగర్ వైపు నెలల తరబడి తిరిగిన చిరుతను అక్టోబర్‌లో బోను పెట్టి పట్టుకున్నారు. కనబడితే వెనక్కి తిరిగి పరుగెత్తొద్దు. కుక్కను కాళ్ల దగ్గరికి లాక్కుని, చేతులెత్తి, గట్టిగా మాట్లాడుతూ, మొహం అటే ఉంచి మెల్లగా వెనక్కి జరగండి.

రాత్రి అక్కడే ఉండాల్సి వస్తే?

వెలుతురుండగానే చోటు చూసుకోండి. ఒర్రెలో వద్దు, బండల సందుల్లో వద్దు, ఒంటరి పెద్ద చెట్టు కింద పిడుగుల రోజుల్లో వద్దు. చదునైన, గడ్డి తక్కువున్న నేల మంచిది. ఎండుటాకులు సంచిలో కుక్కి కింద వేసుకోండి, చలి నేల నుంచే ఎక్కువ లాగుతుంది. నిప్పు పెట్టొద్దు. జనవరి నుంచి మే దాకా అడవి అగ్గిపెట్టెలా ఉంటుంది. కుక్కను ఒంటికి ఆనించి పడుకోబెట్టుకోండి, డిసెంబర్ రాత్రి దాని విలువ తెలుస్తుంది. గొలుసు నడుముకు కట్టుకోండి.

ఈల ఉంటే మూడుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ మూడుసార్లు. గొంతు అరగంటలో పోతుంది, ఈల పోదు. ముప్పై రూపాయలు.

కుక్క నడవలేకపోతోంది. ఎట్లా మోయాలి?

గొర్రెల కాపరి గొర్రెపిల్లను మెడ మీద వేసుకున్నట్టు. ముందు కాళ్లు ఒక భుజం మీదుగా, వెనక కాళ్లు రెండో భుజం మీదుగా తెచ్చి ఛాతీ దగ్గర పట్టుకోవాలి. ఇద్దరుంటే దుప్పటో చున్నీయో జోలెలా. నడుము దెబ్బ అనుమానముంటే మెడ మీద వద్దు, జోలెలోనే. బొగ్గును ఆ రోజు చివరి అర కిలోమీటరు నేను మోశాను. ఇంట్లో కూర లేని అన్నం ముట్టని మహారాజు, దిగనని గోల చేశాడు. పాదంలో పల్లేరు ముల్లు తప్ప ఏమీ లేదని తర్వాత తేలింది.

ఇంటికొచ్చాక?

వేళ్ల సందులు, చెవుల లోపల, చంకల కింద వెతకండి. ముళ్లు, ఉత్తరేణి గింజలు, గోమార్లు. గోమారును పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి, కిరోసిన్ పోయడం, అగరబత్తితో కాల్చడం పాత వైద్యాలు. వారం నుంచి మూడు వారాల లోపు కుక్క తిండి మానేసినా, జ్వరమొచ్చినా, ముక్కు నుంచి రక్తం కనబడినా గోమార్ల జ్వరం అనుకుని రక్తపరీక్ష చేయించండి. "అడవికెళ్లొచ్చాం" అని డాక్టర్‌కు మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

మీకు గానీ కుక్కకు గానీ ఊరకుక్క, కోతి పన్ను తగిలి ఉంటే పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి అదే రోజు టీకాకు పోవాలి. మనుషులకు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో వేస్తారు. చిన్న గీతే కదా అని ఆగొద్దు, రేబిస్ ముదిరితే మందు లేదు.

మళ్లీ ఆ చోటికి వెళ్లారా?

నెల తర్వాత వెళ్లాం, ఎంత దూరం తప్పామో చూద్దామని. మ్యాపు దింపుకుని, ఇంట్లో చెప్పి, ఈల మెడలో వేసుకుని. సున్నం గీత ఉన్న ఆ బండ దొరికింది. అక్కణ్ణుంచి మేం వదిలిన బాట దాకా మా బావమరిది అడుగులు లెక్కపెట్టాడు. 310. నమ్మబుద్ధి కాక, తప్పు లెక్కపెట్టానంటూ వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి 296 వచ్చింది.